పిల్లల శిబిరం కోసం నాటకం ఆడుతున్నారా? ముందు డబ్బుకి రెండు జేబులు పెట్టుకోండి

మీ ఊళ్ళో ఒక నాటక సమాజం ఉంది, పది పదిహేను మంది నటులున్నారు, నాటక పరిషత్తుల పోటీలకి వెళ్ళొచ్చిన నాటిక ఒకటి చేతిలో ఉంది. దాన్ని టికెట్టు పెట్టి ఆడి, వచ్చిన డబ్బుతో పిల్లలకి నాటకం, పాట, బొమ్మలు నేర్పుతూ నలుగురిలో మెలగడం అలవాటు చేసే శిబిరం నడపాలని అనుకుంటున్నారు. తప్పకుండా చేయండి. తెలుగు నాటకానికి పిల్లలతోనూ చందాలతోనూ చాలా పాత సంబంధం ఉంది. 1880లోనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. 1952లో రాయలసీమ కరువప్పుడు, 1977లో దివిసీమ ఉప్పెనప్పుడు మన నటులు రోడ్డెక్కి ఊరూరా చందాలు పోగుచేశారు. కళాకారుడు వచ్చి అడిగితే మన జనం చెయ్యి వెనక్కి తీసుకోరు, ఆ నమ్మకం పెట్టుకోవచ్చు.

అయితే ఇలాంటి బెనిఫిట్ షోల్లో చాలాసార్లు జరిగేది ఏంటంటే, హాలు నిండుతుంది, చప్పట్లు మోగుతాయి, మర్నాడు లెక్కలు తీస్తే పిల్లలకి మిగిలింది దాదాపు ఏమీ ఉండదు. ఎందుకో చూడండి. 400 కుర్చీల హాల్లో 100 టికెట్లు 200 రూపాయల చొప్పున, ఇంకో 200 టికెట్లు 100 రూపాయల చొప్పున అమ్మారనుకుందాం, అది మంచి అమ్మకమే. మొత్తం 40,000 వస్తుంది. హాలు అద్దె, లైటింగ్, మైకు, మేకప్, సెట్టింగ్, సంగీతం, రిహార్సళ్ళలో టీ టిఫిన్లు, ఫ్లెక్సీలు, నటుల ప్రయాణాలు అన్నీ కలిపి 60,000 అయ్యాయనుకోండి, టికెట్టు కొన్న ప్రతి మనిషీ పిల్లలకిచ్చాననుకున్న డబ్బు కాస్తా లైట్లకి పోయి, ఇంకో 20,000 మీ సమాజం మీద పడింది. ఎవరూ మోసం చేయలేదు, అయినా ఇచ్చినవాళ్ళ డబ్బు వాళ్ళు అనుకున్న చోటుకి చేరలేదు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. నాటకం ఖర్చు ఒక జేబు, పిల్లల డబ్బు ఇంకో జేబు. నాటకం ఖర్చుకి దాతలు, ప్రకటనలు పూర్తిగా కుదిరేదాకా ఒక్క టికెట్టు కూడా అచ్చు వేయించొద్దు. అలా కుదిరిన రోజున "మీ టికెట్టులో ప్రతి రూపాయీ పిల్లలకే" అని టికెట్టు మీదే అచ్చు వేసుకోవచ్చు, ఆ మాట చెప్పగలిగితే అమ్మకం మీరు ఊహించనంత తేలికవుతుంది. ఇక కింద చెప్పేదంతా ఈ రెండు జేబుల్నీ కలవకుండా ఎలా నడపాలో చెప్పడమే.

ముందు శిబిరం లెక్క, తర్వాతే నాటకం

చాలామంది నాటకంతో మొదలుపెట్టి, ఎంత మిగిలితే అంతలో పిల్లలకి ఏదో ఒకటి చేద్దాంలే అనుకుంటారు. దాన్ని తిరగేయండి. ఒక సాయంత్రం ముగ్గురు నలుగురు కూర్చుని శిబిరానికి ఎంత కావాలో కాగితం మీద పెట్టండి. ఉదాహరణకి మే నెలలో 24 రోజులు, 30 మంది పిల్లలు, రోజుకి రెండున్నర గంటలు అనుకుందాం. ఇద్దరు శిక్షకులకి చెరో 20,000 అంటే 40,000. పిల్లలకి రోజూ ఏదైనా తినడానికి, మజ్జిగో పాలో తాగడానికి తలకి 25 రూపాయలు వేసుకుంటే 18,000. రంగులు, కాగితాలు, బట్టలు, బొమ్మల సామాను 10,000. గది, కరెంటు, మంచినీళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె 7,000. చివరి రోజు పిల్లల ప్రదర్శనకి 10,000. మొత్తం 85,000. దీన్ని 30తో భాగిస్తే ఒక్కొక్కరికి సుమారు 2,830 పడుతుంది, ధరలు పెరిగే వీలుంది కాబట్టి 3,000 అనుకోండి. మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉంటాయి, మీ అంకెలు మీరు వేసుకోండి, కానీ చివరికి ఆ ఒక్క అంకె మాత్రం తేలాలి. "మా కార్యక్రమానికి తోచినంత సాయం చేయండి" అని అడిగితే 116 రూపాయలిచ్చి పంపే మనిషే, "3,000 ఇస్తే ఒక పిల్ల నెల రోజులు నేర్చుకుంటుంది" అంటే ఒక నిమిషం ఆగి ఆలోచిస్తారు.

శిక్షకుల డబ్బు తగ్గించి లెక్క సరిపెట్టకండి. నాటకం నేర్పడం, అందులోనూ పిల్లలకి నేర్పడం ఒక వృత్తి. మొహమాటానికి ఉచితంగా వచ్చినవాళ్ళు పదో రోజుకి ఏదో పని పడి మానేస్తే ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు?

నాటకం ఖర్చు ఎవరి దగ్గర అడగాలి

ఊళ్ళో వ్యాపారులు డబ్బు ఇవ్వడానికి వెనకాడతారు కానీ వాళ్ళ సరుకు, వాళ్ళ పని ఇవ్వమంటే త్వరగా ఒప్పుకుంటారు. ప్రింటింగ్ ప్రెస్ వాళ్ళని టికెట్లు, కరపత్రాలు వేసిమ్మనండి. టెంట్ హౌస్ వాళ్ళని కుర్చీలు అడగండి. స్వీటు షాపు వాళ్ళు విరామంలో టీ, మిక్చర్ స్టాలు పెట్టుకుని అందులో లాభం ఇవ్వొచ్చు. స్కూళ్ళు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, బట్టల కొట్లు సావనీరులో, అంటే ఆ రోజు పంచే చిన్న పుస్తకంలో, ప్రకటన ఇస్తాయి. వెనక అట్ట, లోపలి అట్ట, పూర్తి పేజీ, సగం పేజీ అని నాలుగు ధరలు పెట్టుకుని వెళ్ళండి. సావనీరు లావుగా ఉండక్కర్లేదు, పదహారు పేజీలు చాలు, మధ్యలో శిబిరం గురించి రెండు పేజీలు ఉంటే చాలు. అచ్చు ఖర్చు కన్నా ప్రకటనలు తక్కువ వస్తాయనిపిస్తే సావనీరు మానేసి, హాలు దగ్గర ఒక్క ఫ్లెక్సీ మీద దాతల పేర్లు వేయండి.

ఇక్కడొక హద్దు ఉంది. మేకప్ మనిషి, హార్మోనిస్టు, లైటింగ్ చూసే కుర్రాడు, తెరలు కట్టేవాళ్ళు, వీళ్ళకి ఆ పనే బతుకు. వీళ్ళని "పిల్లల కోసం కదా" అని ఉచితంగా చేయమనడం నాకు న్యాయంగా తోచదు. మీ సమాజంలో ఉద్యోగాలున్న నటులు పారితోషికం వదులుకోవచ్చు, వీళ్ళకి మాత్రం పూర్తి కూలి ఇవ్వండి. వాళ్ళంతట వాళ్ళు కొంత తగ్గిస్తే ఆ పేరు కూడా దాతల్లో చేర్చండి. అలాగే సురభి వారిని పిలిపిద్దాం, జనం విరగబడి వస్తారని కొందరికి ఆలోచన వస్తుంది. నిజమే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై తరాలుగా కుటుంబాలు కుటుంబాలే నాటకం మీద బతుకుతున్న కళాకారులు వాళ్ళు, వాళ్ళ మాయలు, తెరలు చూస్తే పిల్లలు నోరెళ్ళబెడతారు. పిలవండి, కానీ వాళ్ళు చెప్పిన మొత్తం ఇవ్వగలిగితేనే పిలవండి. ఒక కళాకారుడి కూలి కోసి ఇంకో కళాకారుణ్ణి తయారుచేయలేం.

చుట్టుపక్కల పెద్ద ఫ్యాక్టరీ ఉంటే సీఎస్ఆర్ నిధులు, అంటే కంపెనీలు సమాజం మంచి కోసం ఖర్చుపెట్టే డబ్బు, అడగొచ్చు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో విద్య, కళలూ సంస్కృతీ రెండూ ఉన్నాయి. అయితే అందుకు మీ సొసైటీకి రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను కాగితాలు, ఆ డబ్బు తీసుకోవడానికి చేయించుకునే సీఎస్ఆర్-1 నమోదు అన్నీ ఉండాలి, తేలడానికి నెలలు పడుతుంది. మొదటి ఏడాది దాని మీద ఆశ పెట్టుకుని బడ్జెట్టు వేయకండి.

ఏ నాటకం ఆడాలి

కొత్త నాటకం మొదలుపెట్టకండి. ఈ ఏడాది పరిషత్తులకి తయారుచేసిన నాటిక ఉంటే అదే ఆడండి. సెట్టింగ్ ఉంది, పాఠం నోటికొచ్చేసింది, రెండు మూడు రిహార్సళ్ళతో సరిపోతుంది, ఖర్చులో సగం అక్కడే తగ్గుతుంది. కుటుంబాలు వచ్చే సాయంత్రం కాబట్టి కొంచెం నవ్వు ఉన్నదయితే మంచిది. పిల్లల కోసం డబ్బు కదా అని పిల్లల కష్టాల మీద ఏడిపించే నాటకమే ఆడాలని లేదు. నవ్వుకుని బయటికొచ్చిన మనిషి చెయ్యి జేబులోకి ఇంకా తేలిగ్గా వెళ్తుందనే నా అభిప్రాయం.

హక్కుల విషయం జాగ్రత్త. మంచి పనికి ఆడుతున్నాం కాబట్టి రచయితని అడగక్కర్లేదు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది తప్పు. ఔత్సాహిక సమాజాలకి కాపీరైట్ చట్టంలో ఒక సడలింపు ఉన్నమాట నిజమే కానీ అది టికెట్టు లేని ప్రదర్శనకి, లేదా మతసంస్థ కోసం వేసే ప్రదర్శనకి మాత్రమే. మీరు టికెట్టు పెట్టగానే, డబ్బు ఎంత మంచి పనికి వెళ్ళినా సరే, రచయిత అనుమతి కావాల్సిందే. అడిగితే మన నాటక రచయితల్లో చాలామంది సంతోషంగా ఇస్తారు, ఆ మాట కాగితం మీద తీసుకోండి, చిన్న మొత్తమైనా గౌరవంగా కవర్లో పెట్టి ఇవ్వండి, హాలుకి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి. రచయిత చనిపోయిన 60 ఏళ్ళ తర్వాత రచన అందరిదీ అవుతుంది. గురజాడ 1915లో పోయారు, కాళ్ళకూరి నారాయణరావు 1927లో, చిలకమర్తి 1946లో, కాబట్టి కన్యాశుల్కం, వరవిక్రయం, గయోపాఖ్యానం లాంటివి ఎవరి అనుమతీ లేకుండా ఆడుకోవచ్చు. కన్యాశుల్కం మొత్తం ఆడాలంటే తెల్లారిపోతుంది, గంటా గంటంబావుకి వచ్చేలా కొన్ని రంగాలు ఎంచుకోండి. వేరెవరో ఈమధ్య కుదించి రాసిన ప్రతి వాడితే మాత్రం ఆ కుదించినవారి అనుమతి కావాలి. నాటకంలో సినిమా పాట వేసినా అదే గొడవ, దాని బదులు మీ హార్మోనిస్టు చేతే బాణీ కట్టించండి.

రోజు, హాలు

నన్నడిగితే సంక్రాంతి, అందులోనూ కనుమ సాయంత్రం. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న పిల్లలంతా ఇంటికొచ్చి ఉంటారు, కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఎవరూ ప్రయాణం పెట్టుకోరు, మధ్యాహ్నం గారెలూ కోడికూరా తిన్నాక సాయంత్రం ఏం చేయాలో తోచక ఉంటారు. కొత్త సినిమాలు పోటీగా ఉంటాయి, ఆ భయం ఉంటే ముక్కనుమ పెట్టుకోండి. ఇంకో లాభం, ధనుర్మాసం, పుష్యమాసం కాబట్టి పెళ్ళిళ్ళు ఉండవు, కళ్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, బేరం ఆడొచ్చు. జనవరిలో డబ్బు చేతికొస్తే శిబిరానికి నాలుగు నెలల సమయం ఉంటుంది, శిక్షకుల్ని కుదుర్చుకోవచ్చు, కంగారుండదు. తెలుగు నాటకరంగ దినోత్సవం ఏప్రిల్ 16, వీరేశలింగం గారి పుట్టినరోజు. శిబిరానికి పేర్లు తీసుకోవడం ఆ రోజు మొదలుపెడితే పత్రికల వాళ్ళు కూడా పట్టించుకుంటారు. సంక్రాంతికి కుదరకపోతే ఆషాఢం చూడండి, మండపాలు అప్పుడూ ఖాళీయే, ఆ డబ్బుతో ఏడాది పొడుగునా ఆదివారం తరగతులు నడపొచ్చు.

విజయవాడ తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం, విశాఖ కళాభారతి, రాజమండ్రి ఆనం కళాకేంద్రం, హైదరాబాదు రవీంద్రభారతి లాంటి చోట్లయితే చాలా ముందుగా అడిగి పెట్టుకోవాలి. చిన్న ఊళ్ళో కళ్యాణ మండపమో స్కూలు హాలో దొరుకుతుంది. తీసుకునే ముందు ఒకరు వేదిక మీద నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే చివరి వరసలో ఇంకొకరు వినాలి. మండపాల్లో మాట మోగుతుంది, సంభాషణ ఒకదాని మీద ఒకటి పడి ఏమీ అర్థం కాదు. వెనక గోడకి దళసరి తెరలు కట్టించి, స్పీకర్లు తక్కువ శబ్దంతో ఎక్కువ చోట్ల పెట్టిస్తే కొంత నయం. బయటికి వినిపించేలా లౌడ్ స్పీకర్లు రాత్రి 10 తర్వాత వాడకూడదు, కాబట్టి 9:30కి తెర పడేలా వేసుకోండి. పోలీసు అనుమతికి ముందే దరఖాస్తు ఇవ్వండి, ర్యాంపు ఉందా, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా అన్నది స్వయంగా వెళ్ళి చూడండి.

టికెట్లు

మనిషికి 500 రూపాయల లోపు నాటకం టికెట్టుకి జీఎస్టీ లేదు, కాబట్టి పెద్ద టికెట్టు కూడా 500 దాటించకండి. ఎవరైనా ఎక్కువ ఇస్తామంటే టికెట్టు వేరు, చందా వేరు, రెండు రసీదులు ఇవ్వండి. టికెట్లకి వరస నంబర్లు ఉండాలి, పదేసి టికెట్ల పుస్తకం ఒక్కొక్కరికీ సంతకం తీసుకుని ఇవ్వండి, మిగిలినవి ప్రదర్శనకి రెండు రోజుల ముందు వెనక్కి తీసుకోండి. ఈ ఒక్క క్రమశిక్షణ లేకపోతే ఎంత మంచి స్నేహితుల మధ్యనైనా మాటలొస్తాయి. క్యూఆర్ కోడ్ సొసైటీ ఖాతాదే పెట్టండి, కోశాధికారి సొంత ఫోన్ నంబరుది ఒక్కరోజుకి కూడా పెట్టొద్దు.

ఉచిత పాసుల గురించి ముందే తీర్మానం చేసుకోండి. ఆఫీసర్లకి, నాయకులకి, బంధువులకి అని మొదలుపెడితే ముందు నాలుగు వరసలు పోతాయి. నా సలహా, ప్రభుత్వ బడి పిల్లలకీ వాళ్ళ తల్లిదండ్రులకీ యాభై సీట్లు ఉచితంగా ఇవ్వండి, ఆ యాభై టికెట్లకీ ఒక దాతని పట్టుకోండి, ఇంకెవరికీ ఇవ్వకండి. అమ్మకానికి సామాజిక మాధ్యమాల్లో పోస్టర్ పెట్టి కూర్చుంటే కాదు, మన ఊళ్ళల్లో టికెట్టు మనిషి చేతి నుంచి మనిషి చేతికే వెళ్తుంది. నటులు ఒక్కొక్కరు తమ వీధిలో, ఆఫీసులో, పాత క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో అడగాలి. బడి టీచర్లని కలవండి, వాళ్ళకి ఈ పని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం

6:30 అని వేస్తే 6:30కి తెర లేవాలి. ముఖ్య అతిథి రాలేదని గంట ఆపితే టికెట్టు కొన్నవాళ్ళని అవమానించినట్టే. సన్మానాలు, శాలువాలు, మెమెంటోలు, జ్యోతి ప్రజ్వలన, ఒక్కొక్కరి ఉపన్యాసం, వీటితో మన నాటక సభలు ఎంత నలిగిపోతాయో నాటకం ప్రేమించే ప్రతివాళ్ళకీ తెలుసు. అన్నీ కలిపి పదిహేను నిమిషాలు, అంతకన్నా ఒక్క నిమిషం కూడా వద్దు. శాలువాల డబ్బు మిగిలితే అది కూడా పిల్లలకే.

అడిగే మాట ఎప్పుడు అడగాలి అన్నది చాలా ముఖ్యం. మొదట్లో అడిగితే ఎవరి మనసూ అక్కడ ఉండదు, చివర్లో అడిగితే చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. నాటిక అయిదారు నిమిషాల్లో ముగింపుకి వస్తుందనగా కాదు, విరామం అయ్యి జనం తిరిగి కూర్చున్న వెంటనే అడగండి. శిబిరం శిక్షకుడో శిక్షకురాలో వచ్చి మూడు నిమిషాలు మాట్లాడాలి. ఎంతమంది పిల్లలు, ఎన్ని రోజులు, ఏం నేర్పుతాం, ఒక్కొక్కరికి 3,000, ఇప్పటికి ఇంతమందికి కుదిరింది, ఇంకా ఇంతమందికి కావాలి. అంతే. కుర్చీ మీద ముందే ఒక చిన్న కార్డు, పెన్సిలు పెట్టి ఉంచండి, పేరు, ఫోను, "ఒకరికి / ఇద్దరికి / కొంత" అని గళ్ళు ఉంటే చాలు, డబ్బు మర్నాడు పంపినా పర్వాలేదు.

పిల్లల్ని స్టేజి మీదకి తెచ్చి వాళ్ళ పేదరికం చెప్పి అడగకండి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. హుండీ పట్టుకుని వరసల మధ్య తిప్పకండి, ఎవరి నాన్న ఏం పని చేస్తాడో మైకులో చెప్పకండి. నలుగురిలో తలెత్తుకుని నిలబడడం నేర్పే శిబిరం కోసం పిల్లల తల దించి డబ్బు తేవడం ఏం పని? రెండో ఏడాది నుంచి, వాళ్ళకి ఇష్టమైతే, శిబిరంలో చేసిన పది నిమిషాల నాటిక ఒకటి మీ నాటకానికి ముందు ఆడించండి. దానికి వచ్చే చప్పట్లు వాళ్ళ పనికి వచ్చిన చప్పట్లు కావాలి. ఫోటోలకి తల్లిదండ్రుల అనుమతి సంతకంతో తీసుకోండి.

చందాలు, కాగితాలు

మీ సమాజం రిజిస్టర్ కాకపోతే ముందు అది చేయించండి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. చందా ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు, అంటే అందరూ 80జీ అనేది, మీ సొసైటీకి విడిగా అనుమతి వస్తేనే ఇవ్వగలరు. అది ఉన్నా 2,000 దాటి నగదుగా ఇచ్చిన చందాకి వర్తించదు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే పనికొస్తుంది, టికెట్టు ధరకి అసలు రాదు. తెలియకుండా "మినహాయింపు ఉంది" అని కరపత్రంలో వేయకండి, ఊళ్ళో ఆడిటర్ని ఒక గంట అడిగితే అన్నీ చెబుతారు.

సంక్రాంతికి వచ్చిన విదేశీ బంధువుల దగ్గర ఇంకా జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టు ఉండి అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా, మన అమ్మమ్మ గారి ఊరే అయినా, చట్టం దృష్టిలో విదేశీ మూలమే. వాళ్ళ డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, దానికోసం ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా ఉండాలి. అవి లేకపోతే ప్రేమగా వద్దని చెప్పండి, వాళ్ళ అమ్మానాన్నలు ఇక్కడుంటే వాళ్ళ సొంత డబ్బులోంచి ఇవ్వాలనిపిస్తే ఇవ్వొచ్చు. మొహమాటపడి తీసుకుంటే మీ సొసైటీకే చిక్కు.

ఆ డబ్బుతో పిల్లలకి ఏం చేయాలి

ఇది సరిగ్గా చేయకపోతే పైన చెప్పిందంతా దండగ. 8 నుంచి 11 ఏళ్ళ వాళ్ళు ఒక జట్టు, 12 నుంచి 15 ఏళ్ళ వాళ్ళు ఒక జట్టు, జట్టుకి పదిహేను మందికి మించొద్దు. సర్కారు బడి పిల్లలు, కాన్వెంటు పిల్లలు కలిసే ఉండాలి. ఇవ్వగలిగినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకున్నా, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో శిక్షకులకి కూడా తెలియకుండా ఉంచండి.

మొదటి వారం స్క్రిప్టు ఇవ్వకండి. మనవాళ్ళకి శిబిరం అనగానే ఏకపాత్రాభినయం, పద్యం బట్టీ పట్టించి చివరి రోజు మైకు ముందు చెప్పించడం అలవాటు. బాగా మాట్లాడే నలుగురు పిల్లలు ఇంకా బాగా మాట్లాడతారు, మిగతా పాతికమంది కూర్చుని చూస్తారు. సిగ్గుపడేవాళ్ళకి, నోరు పెగలనివాళ్ళకి, ఊరికే కొట్లాడేవాళ్ళకి ఆటలతో మొదలుపెట్టాలి. అమెరికాలో షికాగో నగరంలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ ఇలాంటి నాటక ఆటలు ఎన్నో తయారుచేశారు, ఈనాటికీ ప్రపంచమంతా అవే ఆడిస్తున్నారు. అద్దం ఆట చూడండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ఒకరు మెల్లగా చెయ్యి కదిపితే రెండోవాళ్ళు అద్దంలో బొమ్మలా కదపాలి, కాసేపటికి ఎవరు కదుపుతున్నారో ఎవరు అనుసరిస్తున్నారో చూసేవాళ్ళకి తెలియకూడదు. ఎదుటివాళ్ళని గమనించనివాళ్ళు ఆ ఆట ఆడలేరు, అంతకన్నా వేరే పాఠం చెప్పక్కర్లేదు. ఒక తువ్వాలు గుండ్రంగా కూర్చున్నవాళ్ళ మధ్య తిప్పుతూ ఒకరు దాన్ని పసిపాపని చేస్తే ఇంకొకరు చేపల వల చేస్తారు, వంతు వచ్చేదాకా ఆగాలి, పక్కవాళ్ళది చూసి మెచ్చుకోవాలి.

రెండో వారం చిన్న చిన్న సన్నివేశాలు. కొట్లో చిల్లర తక్కువిచ్చారు, ఎలా అడుగుతావు? బస్సులో నీ సీట్లో ఎవరో కూర్చున్నారు. స్నేహితుడు పరీక్షలో కాపీ చూపించమన్నాడు, వద్దని ఎలా చెబుతావు? ఒకసారి ఆడాక పాత్రలు మార్చి మళ్ళీ ఆడించాలి, కొట్టువాడు కొన్నవాడవుతాడు. కోపంగా అడిగితే ఏమైంది, గొణిగితే ఏమైంది, స్పష్టంగా అడిగితే ఏమైందని పిల్లలే చెప్పుకుంటారు.

మన కళలు ఇక్కడ ఎంతో పనికొస్తాయి. బుర్రకథలో ముగ్గురుంటారు, కథకుడు పాడుతుంటే రెండు పక్కలా వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వినకుండా వంత పాడలేరు కదా, అల్లరి చేసేవాడికి హాస్యం వంత ఇచ్చి చూడండి, వాడి అల్లరికి ఒక చోటు దొరుకుతుంది. జనం ముందు నిలబడలేని పిల్లకి తోలుబొమ్మలాట. అట్టతో బొమ్మ కత్తిరించి, పుల్ల కట్టి, పాత పంచె తెర వెనక దీపం పెడితే సరిపోతుంది. తన ముఖం ఎవరికీ కనబడదు కాబట్టి గొంతు బయటికొస్తుంది, కొన్నాళ్ళకి తెర పక్కనుంచి తొంగి చూస్తుంది, ఎప్పుడు బయటికి రావాలన్నది ఆ పిల్ల ఇష్టం.

ఆటిజం ఉన్న పిల్లలు, నత్తి ఉన్న పిల్లలు వస్తే సంతోషంగా చేర్చుకోండి, ముందుగా తల్లిదండ్రులతో కూర్చుని ఏ శబ్దం ఇబ్బంది, ఏది ఇష్టం అని అడిగి రాసుకోండి. ఒక మూల చాప వేసి నిశ్శబ్దంగా కూర్చునే చోటు పెట్టండి. కళ్ళలోకి చూసి మాట్లాడమని బలవంతపెట్టొద్దు. ఇది చికిత్స అని మాత్రం ఎవరికీ చెప్పకండి, మనం చేసేది నాటకం నేర్పడమే, వైద్యుల పని వైద్యులది. ఏ పిల్లతోనూ ఏ పెద్దమనిషీ గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, వాళ్ళలో ఒకరైనా ఆడవాళ్ళు కావాలి. ఎవరు వచ్చి తీసుకెళ్ళారో రోజూ సంతకం ఉండాలి. పిల్లల సహాయవాణి 1098 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి, అది దేనికో పిల్లలకి చెప్పండి.

ప్రదర్శన అయ్యాక

పదిహేను రోజుల్లోపు లెక్క బయటపెట్టండి, ఒకే కాగితం మీద రెండు నిలువు వరసలు. ఎడమ వైపు నాటకం ఖర్చు, దానికి ఎవరెవరు ఇచ్చారు. కుడి వైపు పిల్లల డబ్బు, టికెట్లు ఎంత, చందాలు ఎంత, బ్యాంకులో ఎంత ఉంది. ఊరి గ్రంథాలయం బోర్డు మీద అంటించండి, ప్రతి దాతకీ వాట్సాప్‌లో పంపండి. ఎడమ వైపు తక్కువ పడితే ఆ లోటు సమాజం సభ్యులు తలా కొంత వేసుకుని పూడ్చుకోవాలి, కుడి వైపు నుంచి అప్పుగా కూడా తీయకూడదు. ఈ మాట రిహార్సళ్ళు మొదలయ్యే ముందే సభ్యులందరి సంతకాలతో తీర్మానం రాసుకోవడం మంచిది.

శిబిరం చివరి రోజు పిల్లల ప్రదర్శనకి దాతలందరినీ పిలవండి, టికెట్టు లేదు, ఉపన్యాసాలు లేవు. ఎవరి డబ్బుతో ఏ పిల్ల నేర్చుకుందన్నది చెప్పకండి, అందరి డబ్బుతో అందరూ నేర్చుకున్నారు. జూన్‌లో బడులు తెరిచాక ఆ పిల్లల క్లాసు టీచర్లని కలిసి రెండే ప్రశ్నలు అడగండి, తరగతిలో చెయ్యి ఎత్తుతున్నారా, మిగతా పిల్లలతో ఎలా ఉంటున్నారు. వాళ్ళు చెప్పింది, బాగా లేదన్నది కూడా, రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది విరామం తర్వాత ఆ మూడు నిమిషాల్లో చెప్పాల్సింది అదే. కుడి జేబులో ఏమైనా మిగిలితే ఆదివారం తరగతులకి వాడండి, రెండో ఏడాది నాటకం అడ్వాన్సులకి మాత్రం వాడకండి, వాటికి మళ్ళీ ప్రెస్సు దగ్గరికీ టెంట్ హౌస్ దగ్గరికీ వెళ్ళాల్సిందే, ఈసారి చేతిలో పోయినేటి లెక్క కాగితం పట్టుకుని వెళ్ళండి.